మధ్యగీత దాటిన ఆక్సాన్ వెనక్కి ఎందుకు రాదు?

బ్యాక్‌బెంచ్_జువాలజీ:
ఎమ్మెస్సీ రెండో ఏడాది. పిండం వెన్నుపాములో వీపు వైపు పుట్టిన కమిషరల్ న్యూరాన్ల (ఒక పక్క నుంచి అవతలి పక్కకు దాటే నాడీకణాల) ఆక్సాన్లు, అంటే వాటి పొడవాటి తీగలు, కిందికి, మధ్యగీత మీదుండే ఫ్లోర్ ప్లేట్ వైపు పెరుగుతాయి. అది వదిలే నెట్రిన్-1 అనే లాగే ప్రోటీన్‌ని ఆక్సాన్ మీదున్న డీసీసీ రిసెప్టర్ గుర్తుపడుతుంది. ఇంతవరకు ఓకే. అంతగా లాగే చోటికి వచ్చాక అక్కడే అతుక్కుపోవాలి కదా, అవతలికి ఎలా పోతుంది? మా సార్‌ని అడిగితే సిలబస్‌లో లేదన్నారు.

గుడ్లగది:
అసలు కథంతా అక్కడే ఉందండీ! ఫ్లోర్ ప్లేట్ నెట్రిన్‌తో పాటు స్లిట్ కూడా వదులుతుంది. స్లిట్ తరిమేసే రకం, దాని రిసెప్టర్ రోబో. దాటకముందు ఆక్సాన్ మీద రోబో దాదాపు ఉండదు, కాబట్టి స్లిట్ దానికి పట్టదు. డ్రోసోఫిలాలో (పండ్ల ఈగలో) కమిషర్‌లెస్ అనే ప్రోటీన్, తయారైన రోబోను ఆక్సాన్ పైపొర మీదికి రానివ్వకుండా లైసోసోమ్‌కి (కణంలో ప్రోటీన్లను ముక్కలు చేసే సంచికి) పంపేస్తుంది. దాటాక ఆ అడ్డు తొలగి రోబో పైకొస్తుంది. ఇక వెనక్కి రాలేదు. 1993లో కోరీ గుడ్‌మన్ బృందం ఈ రెండు జీన్లనూ బయటపెట్టింది. కమిషర్‌లెస్ పోతే ఆక్సాన్లు దాటవు, రోబో పోతే దాటినవే మళ్లీ మళ్లీ దాటుతుంటాయి. క్షీరదాల్లో కమిషర్‌లెస్ లేదు, దాటనిచ్చే పని రోబో3 చూసుకుంటుంది.

తరమడం కళ్లారా చూడాలంటే కోడి పిండం డీఆర్‌జీని (వెన్నుపాము పక్కనుండే స్పర్శ నాడీకణాల ముద్దని) డిష్‌లో పెంచండి. ఆక్సాన్ పెరిగే కొస, అంటే గ్రోత్ కోన్, విచ్చుకున్న అరచేతిలా ఉంటుంది, దాని వేళ్లలాంటి ఫిలోపోడియా అటూ ఇటూ తడుముతూనే ఉంటాయి. స్లిట్‌లాగే తరిమేసే మరో ప్రోటీన్ సెమాఫోరిన్ 3ఏ వేస్తే గంటలోపే అన్నీ ముడుచుకుని సన్నటి మొన మిగులుతుంది. మా ల్యాబ్‌లో కొత్తవాళ్లకి నేను మొదట చూపించేది ఇదే.

బ్యాక్‌బెంచ్_జువాలజీ:
మరి మనుషుల్లో రోబో3 చెడితే?

నైట్‌డ్యూటీ_న్యూరో:
కళ్లు పక్కలకు తిరగవు, పైకీ కిందికీ మామూలే. వెన్నెముక చిన్నప్పటి నుంచే వంకర తిరుగుతూ పోతుంది. కారణం రోబో3 అని 2004లో తేలింది. మెదడు నుంచి కిందికొచ్చే దారులు మెడుల్లాలో (మెదడు అడుగున, వెన్నుపాముతో కలిసే చోట) అటువైపుకు దాటకుండా వచ్చినవైపే దిగిపోతాయి. డీసీసీ ఒక కాపీ చెడితే కొందరిలో మిర్రర్ మూవ్‌మెంట్స్ (ఒక చేయి చేసేదే రెండోదీ చేయడం) కనిపిస్తాయి: కుడిచేత్తో గుండీ పెట్టుకుంటుంటే ఎడమచేతి వేళ్లూ వాటంతటవే కదులుతాయి.

గుడ్లగది:
ఇంకోటి. ఫ్లోర్ ప్లేట్ నుంచి నెట్రిన్ దూరంగా వ్యాపించి లాగుతుందన్న బొమ్మను పుస్తకాలు ఇంకా అలాగే అచ్చేస్తున్నాయి, నాకు చిరాకు. 2017లో ఎలుకల్లో ఫ్లోర్ ప్లేట్ నెట్రిన్‌ను మాత్రమే తీసేసినా హైండ్‌బ్రెయిన్‌లో (మెదడు వెనక భాగంలో) ఆక్సాన్లు దాటాయి. వెంట్రిక్యులర్ జోన్‌లో (లోపలి కుహరాన్ని ఆనుకుని, కొత్త కణాలు పుట్టే పొరలో) తయారయ్యే నెట్రిన్‌ను తీసేస్తేనే దారి తప్పాయి.

బ్యాక్‌బెంచ్_జువాలజీ:
అయ్యో, ఎగ్జామ్‌లో ఏ బొమ్మ వేయాలి మరి?

గుడ్లగది:
పాతదే వేయండి, మార్కులు దానికే. కింద 2017 సంగతి ఒక్క లైన్ రాయండి.