అమ్మ అడిగిన వెంటనే పువ్వు పడిందట.. మీరైతే ఏమనుకుంటారు?

కాకినాడ_కాజా:
అందరికీ నమస్తే. నవ్వకుండా చదవండి ప్లీజ్. నాకో సంబంధం వచ్చింది, అబ్బాయి హైదరాబాద్‌లోనే జాబ్, నేనూ ఇక్కడే. ఫోటోలు, జాతకాలు అయిపోయాయి, వీడియో కాల్‌లో ఒకసారి మాట్లాడుకున్నాం, బానే ఉన్నాడు, అలా అని వెంటనే ఓకే అనేసేంత ఏమీ తెలీదు కదా, అందుకే నేను కొంచెం టైమ్ అడిగా. ఈలోపు ఇంట్లో మొదలైంది. వాళ్ళ నానమ్మ పేరూ మా అమ్మమ్మ పేరూ ఒకటేనట. అతని పుట్టినరోజూ మా తమ్ముడి పుట్టినరోజూ ఒకే తేదీ. వాళ్ళ మేనమామా మా నాన్నా ఒకే కాలేజీలో చదివారట, ఒకరికొకరు గుర్తు లేరు గానీ కాలేజీ ఒకటే. ఇవన్నీ ఒకెత్తు, మొన్న శుక్రవారం జరిగింది ఒకెత్తు. అమ్మ పూజలో కూర్చుని "స్వామీ ఈ సంబంధం మంచిదైతే ఏదో ఒకటి చూపించు" అందట, అనడమే ఆలస్యం వెంకటేశ్వరస్వామి పటం మీదున్న చామంతి కుడివైపు రాలి పడిందట. నాన్న పక్కనే ఉన్నారు, ఆయనే సాక్షి. పైగా ఆ టైమ్‌కే బల్లి పలికిందట. ఇంక మా ఇంట్లో ముహూర్తం పెట్టడం ఒక్కటే తక్కువ.

నేనూ నవ్వేసేదాన్నే, కానీ నాకూ ఒకటి జరిగింది. ఆ రోజు సాయంత్రం అమీర్‌పేట్‌లో మెట్రో మారుతూ "ఈ గోలంతా ఎందుకు, వద్దని చెప్పేద్దాం" అనుకుంటున్నా, సరిగ్గా అప్పుడే వెనక నుంచి ఎవరో అతని పేరు పెట్టి గట్టిగా పిలిచారు. వేరే మనిషినే లెండి. కానీ మరీ అంత వాడుకలో ఉన్న పేరు కాదు అది. ఒళ్ళు జలదరించింది. నేను పెద్ద భక్తురాలినేం కాదు, నాస్తికురాలినీ కాదు, పరీక్ష రోజు మాత్రం బొట్టు పెట్టుకుని వెళ్ళే టైపు. ఇలాంటివి మీకు జరిగాయా, జరిగితే పట్టించుకున్నారా?

స్టాట్స్_బాబాయ్:
అమ్మాయ్, నేను కాలేజీలో స్టాటిస్టిక్స్ చెప్తా కాబట్టి నా గొడవ నాది, ఏమీ అనుకోకు. పుట్టినరోజుల సంగతి ముందు. ఒక గదిలో ఊరికే 23 మందిని కూర్చోబెడితే, అందులో ఎవరో ఇద్దరి పుట్టినరోజు ఒకటే అయ్యే అవకాశం సగం కన్నా కాస్త ఎక్కువే. 50 మంది ఉంటే 97 శాతం. మీ వైపు వాళ్ళూ వాళ్ళ వైపు వాళ్ళూ అంతా కలిపి లెక్కెయ్, ఒక్కటి కూడా కలవకపోతేనే వింత. ఇంకోటి, మీ వాళ్ళు సంబంధం ఎలా వెతికారు? మన జిల్లా, మన వాళ్ళు, ఇంజినీరింగ్ చదివినవాడు, హైదరాబాద్‌లో ఉద్యోగం, ఇన్ని జల్లెళ్ళు పట్టాక మిగిలిన ఇంట్లో ముసలావిడ పేరు మీ అమ్మమ్మ పేరు అవ్వడంలో దేవుడి పని తక్కువ, మ్యారేజ్ బ్యూరో పని ఎక్కువ.

ఇక పువ్వు. పటం ఫ్రేమ్ అంచుకి తొడిమ ఇరికిస్తాం కదా, అది పెట్టినప్పుడు తడిగా బిగుతుగా ఉంటుంది, కాసేపటికి వాడి సన్నబడి పట్టు వదులుతుంది, గదిలో ఫ్యాన్ ఉంటే ఇంకా తొందరగా. ఒక వారం గమనించు, మీ ఇంట్లో పువ్వు ఎన్నిసార్లు పడుతుందో. అమ్మ ఏమీ అడగని రోజు పడితే తీసి పక్కన పెట్టేస్తారు, ఎవరికీ గుర్తుండదు. మెట్రోలో పేరు కూడా అంతే, అది నీ బుర్రలో తిరుగుతోంది కాబట్టి చెవికి తగిలింది, ఆర్నెల్ల క్రితం అదే పేరు అక్కడే వినపడినా తల తిప్పేదానివి కాదు.

లిటిల్‌వుడ్ అని కేంబ్రిడ్జ్ గణితవేత్త, 1913లో మన రామానుజన్ రాసిన ఉత్తరాన్ని తోటి గణితవేత్త హార్డీతో కలిసి కూర్చుని చదివినాయన. ఆయన పేరు మీద ఒక లెక్క చెప్తారు. మనం మెలకువగా చుట్టూ గమనిస్తూ ఉండేది రోజుకి 8 గంటలు అనుకో, సెకనుకి ఒక చిన్న సంగతి కంటికో చెవికో తగులుతుంది అనుకో, రోజుకి 28,800 సంగతులు. 35 రోజుల్లో పది లక్షలు దాటిపోతాయి. అంటే "పది లక్షల్లో ఒక్కసారి" జరిగే అద్భుతం మనందరికీ ఇంచుమించు నెలకొకటి జరగాలి. నీ కోటా ఈ నెల మెట్రోలో అయిపోయింది 😀

సింహాచలం_సంపెంగ:
బాబాయ్ గారు పెళ్ళిళ్ళ పందిట్లో కూడా ఇలాగే మాట్లాడతారా అని డౌటు.
తల్లీ, నేను నమ్మేదాన్నే, ముందే చెప్తున్నా. కానీ శకునాల సంగతి మా అత్తగారి దగ్గర బాగా చూశాను. ఆవిడ ఏదైనా చెప్తూ ఉండగా బల్లి పలికితే "సత్యం, సత్యం" అని చిటికేసేది. అదే మా మావయ్య గారు "ఈ ఏడు ఇల్లు అమ్మేద్దాం" అంటూ ఉండగా పలికిందనుకో, వంటింట్లోంచే "దానికి పురుగు దొరికినట్టుంది" అనేది. బల్లి అదే, గోడ అదే. పంచాంగం వెనక పేజీల్లో బల్లి ఎక్కడ పడితే ఏం ఫలమో అంతా రాసుంటుంది, ఆవిడకి అది కంఠతా, అయినా తనకి కావలసిన ఫలమే చదివేది. మహా ఇల్లాలు, నాకు ఆవిడంటే ఇష్టమే, అది వేరే సంగతి.

నా మట్టుకు నాకు, సింహాద్రి అప్పన్న ఏడాదికి ఒక్కరోజు, అక్షయ తృతీయ నాడు మాత్రమే నిజరూపం చూపిస్తాడు, మిగతా రోజులన్నీ చందనం పూతలోనే ఉంటాడు. ఆ ఒక్క పూటకి జనం ఎండలో గంటలు గంటలు నిలబడతారు, నేనూ నిలబడ్డాను. అలాంటి స్వామి రోజూ మన హాల్లో గోడ మీదకొచ్చి ఈ సంబంధం అవును, ఆ ప్లాటు కాదు అని చెప్తాడని నేనెప్పుడూ అనుకోలేదు. దణ్ణం పెట్టుకుంటే నాకు ధైర్యం వస్తుంది, అక్కడితో సరి. మీ అమ్మగారిని మాత్రం ఎగతాళి చెయ్యకు, కూతుర్ని ఎవరింటికో పంపాలంటే ఆ భయం ఎలా ఉంటుందో నీకిప్పుడు తెలీదు, ఆవిడ అడిగింది జవాబు కాదమ్మా, భరోసా.

ఓరుగల్లు_పోరడు:
నేనొకటి చెప్త వినుండ్రి. మా బావ ప్లాటు కొనాలని తిరుగుతుంటే ఒకాయన దొరికిండు, నంబర్లు చూసి జాతకం చెప్పెటోడు. మా బావ పుట్టిన తేదీ కూడితే 9, బండి నంబరు కూడితే 9, చూసిన ప్లాటు నంబరు కూడిన 9. "ఇది నీ కోసమే పుట్టిన జాగ" అన్నడు. మావోనికి నిద్ర పట్టలే, అడ్వాన్స్ ఇచ్చేసిండు. డాక్యుమెంట్లు ఎవలకన్న చూపియ్యి అంటే "మూడు తొమ్మిదులు కలిసినంక ఇంకేం చూసుడు" అని మా మీదకే లేశిండు. తర్వాత తెలిసింది అది చెరువు శిఖం భూమి, అంటే చెరువు నీళ్ళు నిలిచే జాగ అని. పైసలు ఇప్పటికీ రాలే. ఏ నంబరైనా కూడుకుంట పోతే ఒకటి నుంచి తొమ్మిదిల ఏదో ఒకటి రావాల్సిందేనాయె, గంత చిన్న ముచ్చట అప్పుడు ఎవ్వలకు తట్టలే.
గందుకే అక్కా, పువ్వు పడ్డది మంచిదే, సంతోషం, గానీ పిలగాని ఆఫీసుల ఎవలన్న తెలిసినోళ్ళుంటే అడుగుండ్రి, అప్పులు గిప్పులు ఉన్నయా, తాగుతడా, ఇంట్ల ఎట్లుంటడు, అన్నీ అర్సుకోండ్రి. పువ్వు గవన్నీ చెప్పదు.

ఎడిసన్_తెలుగోడు:
పైన అందరూ చెప్పింది కరెక్టే, కానీ ఒక్క మాట. నాన్న పోయినప్పుడు నేను ఇక్కడ అమెరికాలో, న్యూజెర్సీలోని ఎడిసన్ ఊళ్ళో ఉన్నా, ఫ్లైట్ దొరికి ఇంటికి చేరేసరికి అంతా అయిపోయింది, చివరి చూపు దక్కలేదు. కర్మకాండలు చేసి తిరిగొచ్చాక ఎవరితోనూ మాట్లాడబుద్ధయ్యేది కాదు. ఒకరోజు చలిలో స్టేషన్‌లో నిలబడి ఉంటే మంకీ క్యాప్ పెట్టుకున్న పెద్దాయన దగ్గరికొచ్చి తెలుగులోనే "బాబూ, ఈ బండి న్యూయార్క్ పోద్దా" అని అడిగారు. కొడుకు దగ్గరికి వచ్చారట. ఏ ఊరండీ అంటే తెనాలి దగ్గర, మా పక్క ఊరే. నాన్న పనిచేసిన హైస్కూల్లోనే చదివారు, నాన్న దగ్గరే చదివారు. "మీ నాన్న డస్టర్ విసిరితే గురి తప్పేది కాదయ్యా" అని నవ్వుతూ చెవి వెనక మచ్చ చూపించారు. నేను ప్లాట్‌ఫారం మీదే ఏడ్చేశా, పాపం ఆయన కంగారుపడిపోయారు.

బాబాయ్ గారూ, లెక్క నాకూ వచ్చు. ఎడిసన్ నిండా మనవాళ్ళే, అమ్మానాన్నలు విజిట్‌కి వచ్చిపోతూనే ఉంటారు, గుంటూరు వైపు వాళ్ళు సగం. ఎప్పటికో అప్పటికి ఎవరో ఒకరు తగలాల్సిందే. కానీ ఆ వారమే ఎందుకు తగిలారు అంటే నా దగ్గర జవాబు లేదు, వెతకనూ వెతకను. నాన్న పంపారు అనుకున్నా, ఇప్పటికీ అలాగే అనుకుంటా, దాని వల్ల ఎవరికీ నష్టం లేదు. నామక్కల్ నామగిరి అమ్మవారి దయ అని రామానుజన్ అనుకునేవాడు, హార్డీ పక్కా నాస్తికుడు, అయినా ఇద్దరూ ఒకే బల్ల దగ్గర పని చేసుకోలేదా?

స్టాట్స్_బాబాయ్:
ఎడిసన్ బాబూ, నువ్వు రాసింది చదివి కాసేపు ఏమీ టైప్ చెయ్యలేకపోయా. నీతో వాదన లేదు. నువ్వు ఆ పెద్దాయన్ని చూసి ప్లాటు కొనలేదు, సంబంధం ఖాయం చెయ్యలేదు, ఏడ్చి తేలికపడ్డావు. అలాంటప్పుడు లెక్కలు తీసి చూపించేవాడు మూర్ఖుడు.

మా వైపు నుంచి కూడా ఒకటి చెప్తా అయితే. సి.ఆర్. రావు గారు తెలుసు కదా, ప్రపంచమంతా పాఠాలుగా చదివే స్టాటిస్టిక్స్ ఆయనది, 2023లో 102 ఏళ్ళ వయసులో పోయారు. వాల్తేరులో ఆంధ్రా యూనివర్సిటీలో లెక్కల్లో ఎం.ఏ. చేసి, సైన్యం సర్వే విభాగంలో ఉద్యోగానికి ఇంటర్వ్యూ అంటే కలకత్తా వెళ్ళారు. ఉద్యోగం రాలేదు. బస చేసిన చోట ఒకాయన పరిచయమయ్యాడు, ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో ట్రైనింగ్ తీసుకుంటున్నవాడు, ఊరికే చూపిస్తా రమ్మని తీసుకెళ్ళాడు. చూసి, నచ్చి, 1941 జనవరిలో చేరిపోయారు. 1945 కల్లా ఆయన పేరు పుస్తకాల్లో నిలిచిపోయే పేపర్ వచ్చేసింది. ఆ ఉద్యోగమే వచ్చుంటే? ఇంకో తమాషా, ఇంట్లో ఆయన ఎనిమిదో సంతానం, కృష్ణుడూ దేవకికి ఎనిమిదోవాడే కదా అని రాధాకృష్ణ అని పేరు పెట్టారు. మా సబ్జెక్టులో అంత పెద్దాయన పేరే అలా పుట్టింది, ఇంక నేనేం మాట్లాడను. కాకపోతే చూడు, పరిచయం దానంతటదే అయింది, చేరాలా వద్దా అన్నది మాత్రం ఆయన వెళ్ళి చూశాకే.

కాకినాడ_కాజా:
అందరికీ థాంక్స్, సంపెంగ గారూ మీ అత్తగారి బల్లి ముక్క అమ్మకి చదివి వినిపించా, కోపమొస్తుందేమో అనుకుంటే పడీపడీ నవ్వింది, మా నానమ్మా అంతేనట.

అసలు అప్డేట్ ఏంటంటే నిన్న అతనికి నేనే ఫోన్ చేశా. మాటల్లో పువ్వు సంగతి చెప్పేశా. అవతల నుంచి సౌండ్ లేదు. తర్వాత మెల్లగా "మా ఇంట్లో కూడా అడిగారు" అన్నాడు. వాళ్ళది ఎడమవైపు పడిందట! వాళ్ళమ్మ గారు "ఫ్యాన్ గాలికి పడింది, ఇది లెక్కలోకి రాదు" అని ఫ్యాన్ ఆపి, వేరే పువ్వు పెట్టి మళ్ళీ అడిగారట. రెండోసారి కుడివైపు పడేదాకా అక్కడే కూర్చున్నారట. ఆ తర్వాత చాలాసేపు మాట్లాడుకున్నాం, జీతం, అప్పు, పెళ్లయ్యాక నా జాబ్, అన్నీ అడిగా. ఆదివారం బయట కలుస్తున్నాం, ఇంట్లోవాళ్ళు లేకుండా. ఓరుగల్లు తమ్ముడూ, ఆఫీస్ ఎంక్వైరీ కూడా నడుస్తోంది, మా ఫ్రెండ్ వాళ్ళాయన అదే బిల్డింగ్‌లో పని చేస్తాడని ఇప్పుడే తెలిసింది. ఇది కూడా యాదృచ్ఛికమే అంటారా బాబాయ్ గారూ?

స్టాట్స్_బాబాయ్:
హైటెక్ సిటీలో బిల్డింగే కదా. అవును.

సింహాచలం_సంపెంగ:
ఫ్యాన్ ఆపిందంటే ఆవిడకి నువ్వు బాగా నచ్చినట్టే తల్లీ.