‘వాక్యముండెను’: ఉందా, ఉన్నాడా?

అందరికీ నమస్కారం. గుంటూరు బ్రాడీపేటలో మా సండే స్కూల్ పిల్లలకు యోహాను సువార్త మొదలుపెట్టాను. ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలు. మొదటి వచనం దగ్గరే ఆగిపోయాం.

"ఆదియందు వాక్యముండెను, వాక్యము దేవునియొద్ద ఉండెను, వాక్యము దేవుడై యుండెను."

ఒక పాప ‘వాక్యము’ మీద వేలు పెట్టి, "అంకుల్, వాక్యం అంటే కర్త, కర్మ, క్రియ ఉండేది కదా?" అంది. బడిలో నేర్చుకున్నది అదే మరి. చర్చిలో ‘అయ్యగారు వాక్యం చెప్పారు’ అంటే ప్రసంగం, ‘వాక్యం కంఠస్థం చేశావా’ అంటే బైబిల్ వచనం. ఈ మూడూ ఇక్కడ కుదరవు. గ్రీకులో ఉన్నది లోగోస్. మాట, ఆ మాట వెనకున్న ఆలోచన కూడా. అందుకని ఆదికాండం తీయించాను. "వెలుగు కమ్మని పలుకగా వెలుగు కలిగెను." ఆ పలుకమ్మా ఇది అన్నాను. పలుకు అనగానే అందుకున్నారు.

అసలు చిక్కు ఆ తర్వాత వచ్చింది. వాడుక తెలుగులో చెప్పాలంటే ‘వాక్యం ఉంది’ అనాలా, ‘ఉన్నాడు’ అనాలా? గ్రాంథికంలో ఈ ఇబ్బంది లేదు. రాముడు వచ్చెను, ఆవు వచ్చెను. ఇద్దరికీ క్రియ ఒకటే. ‘ఉండెను’ దగ్గర వాక్యం వస్తువో వ్యక్తో తేల్చనక్కర్లేదు. రెండో వచనంలో "ఆయన ఆదియందు దేవునియొద్ద ఉండెను" అని చదివాక, ఇందాకటి నుంచీ చెబుతున్నది ఒక వ్యక్తి గురించని తెలుస్తుంది. మన క్రియారూపం వల్ల దక్కిన ఈ వరుస నాకు ప్రాణం. వాడుకలోకి మార్చగానే అది పోతుంది. మీరైతే ఏం పెడతారు?

జవాబు: అన్నా, ‘వాక్కు’ అనొచ్చుగా? "యెహోవా వాక్కు నాకు ప్రత్యక్షమై" అని ప్రవక్తల గ్రంథాల్లో ఉన్నదే.

నేను: మంచి మాట తమ్ముడూ. 33వ కీర్తనలో "యెహోవా వాక్కు చేత ఆకాశములు కలిగెను" అని కూడా ఉంది. వివరించేటప్పుడు వాక్కు అనే అంటాను. కానీ చదివేటప్పుడు వాక్యమే ఉండాలి. ఆ పిల్లల నాయనమ్మల నోట నానిన మాట అది. పైగా వాక్కు అన్నా ‘ఉందా, ఉన్నాడా’ అన్నది తేలదు.

జవాబు: నేను తెలుగు టీచర్‌గా చేసి రిటైరయ్యాను బాబూ. ‘ఉంది’ అనే చెప్పు. రెండో వచనంలో ‘ఆయన’ రాగానే ఆపి, ఎవరీ ఆయన అని పిల్లల్నే అడుగు. "ఆ వాక్యము శరీరధారియై" అనే 14వ వచనం దాకా ఆ ‘ఆయన’ యేసు అని నువ్వు చెప్పొద్దు.

నేను, ఆదివారం రాత్రి: మీరు చెప్పినట్టే చేశానండీ. నేను అడిగే పనే పడలేదు. ఆ పాప వేలు ‘ఆయన’ దగ్గర ఆగింది. "మరి ఇందాక ‘ఉంది’ అన్నారేంటి అంకుల్?" అంది. ఇంకా చెప్పలేదు. 14వ వచనం వచ్చే వారం.