నీళ్ళు ఒకే బోరువి, పళ్ళు మాత్రం ఇంటికో రకం. మీ ఊళ్ళోనూ ఇంతేనా?

కనిగిరి బడిపంతులు

మాది కనిగిరి దగ్గర పల్లె. దసరా సెలవుల్లో మా చిన్నాన్న మనవరాలు, ఎదురింటి పాప మా పంచలో కూర్చుని అరటిపళ్ళు తింటున్నారు. ఇద్దరికీ పదకొండేళ్ళు, ఒకే వీధిలో పుట్టినవాళ్ళు. మా పాప పళ్ళు తెల్లగా ఉన్నాయి. ఎదురింటి పాప ముందుపళ్ళ మీద అడ్డంగా గోధుమరంగు చారలు, అంచులు పెచ్చులూడుతున్నాయి. నవ్వొస్తే చాలు, గౌను మెడ పైకి లాక్కుని నోరు కప్పుకుంటుంది. బళ్ళో కూడా అంతే, పద్యం అప్పజెప్పమంటే తల దించుకునే చెబుతుంది.

తేడా ఎక్కడొచ్చిందో నాకు తెలుసు. పాపకి మూడో ఏడు రాకముందే మావాళ్ళు ఒంగోల్లో ఇల్లు తీసుకున్నారు. పండక్కి ఊరొచ్చినా కారు డిక్కీలో నీళ్ళ క్యాన్లు ఉంటాయి. పళ్ళ మీద పింగాణీ పొర చిగుళ్ళ లోపలే తయారవుతుంది, ఎనిమిదేళ్ళ లోపు తాగిన నీళ్ళలో ఫ్లోరైడు ఎక్కువైతే అదే దాన్ని పాడుచేస్తుంది. ఆ తర్వాత ఎన్ని మంచినీళ్ళు తాగినా ఆ చారలు పోవు. ఎదురింటివాళ్ళు ప్లాంటు నీళ్ళు కొంటారు గానీ తాగడానికే. అన్నం, పప్పు ఉడికేది బోరు నీళ్ళలోనే. పనుల్లేని నెలల్లో ఆ క్యానూ మానేస్తారు.

వాళ్ళకి పాడిగేదె ఉంది. పాలల్లో కాల్షియం ఫ్లోరైడుని కొంతవరకు ఒంటికి పట్టనివ్వదని, పిల్లకి రోజూ గ్లాసుడు పొయ్యమని నేనే చెప్పాను. వాళ్ళమ్మ అంది: "పాలకేంద్రానికి పోస్తేనే గదా అయ్యవారూ, బిల్లొచ్చేది. పిల్లకి టీలో పడేవే పాలు." టీ ఆకులోనూ ఫ్లోరైడు ఉంటుందని ఆమెకి ఎట్టా చెప్పేది? చెప్పలేదు. అప్పటినించీ మనసు మనసులో లేదు.

మీ ఊళ్ళల్లో ఇట్టాంటివి చూసుంటే రాయండి. నీళ్ళ సంగతే కానక్కర్లేదు, ఏ రోగమైనా సరే.

దర్శి నుంచి ఒకడు

ఇది కొత్త సంగతి కాదు సార్. మన దేశంలో ఫ్లోరోసిస్ (నీళ్ళలో ఫ్లోరైడు ఎక్కువై పళ్ళు, ఎముకలు చెడే రోగం) గురించి వైద్యులు మొదట రాసింది మన ఊళ్ళని చూసే. 1937లో షార్ట్ అనే డాక్టరు, ఆయన తోటివాళ్ళు ఇండియన్ మెడికల్ గెజెట్‌లో రాశారు. అప్పుడు దర్శి, పొదిలి, కనిగిరి అన్నీ మద్రాసు ప్రెసిడెన్సీలో నెల్లూరు జిల్లా కిందే ఉండేవి. 1970లో ఒంగోలు జిల్లా (తర్వాతి ప్రకాశం) విడిగా ఏర్పడ్డాక ఇటొచ్చాం. అంటే దగ్గర దగ్గర తొంభై ఏళ్ళనించీ తెలిసిన రోగం ఇది.

మా తాతకి మెడ, వెన్ను బిగిసిపోయి పక్కకి చూడాలంటే మనిషి మొత్తం తిరగాల్సొచ్చేది. వెలిగొండ సొరంగాల్లోంచి కృష్ణ నీళ్ళు వస్తాయన్న మాట నా చిన్నప్పటినించీ వింటన్నా. ఈలోపు చేతిలో నాలుగు డబ్బులున్నవాళ్ళంతా ఊరు దాటారు. మిగిలినవాళ్ళే బోరు నీళ్ళు తాగతన్నారు.

పలకల వీధి, మార్కాపురం

మా నాయన పలకల కార్ఖానాలో ఇరవై ఆరేళ్ళు చేశాడు. పలక కోసే మిషను దగ్గర. సాయంత్రం ఇంటికొస్తే కనురెప్పల మీద కూడా బూడిదరంగు దుమ్ము. ముక్కుకి తడి తువ్వాలు చుట్టుకునేవాడు, అది గంటలో ఆరిపోయి దుమ్ము పట్టి అట్టలా అయ్యేది. విప్పి బండకేసి కొట్టి మళ్ళీ తడిపి కట్టుకునేవాడు. ఓనరు కూర్చునే గది అదే కాంపౌండులో, కానీ గాలికి ఎదురువైపు, తలుపులు బిగించి. ఆయనకిప్పుడు డెబ్బై దాటాయి, పొద్దున్నే వాకింగు చేస్తాడు. మా నాయనకి యాభై ఎనిమిది. బాత్రూముకి పోయి రావాలంటే మధ్యలో గోడ పట్టుకుని ఒకసారి ఆగాలి.

మొదట టీబీ అన్నారు. ఆరు నెలల మందులు రెండు సార్లు వాడాం. రెండో కోర్సు అయ్యాక ఒక డాక్టరమ్మ "ఏం పని చేసేవాడు?" అని అడిగింది. అన్నేళ్ళలో ఆ మాట అడిగిన మొదటి మనిషి ఆమే. సిలికోసిస్ అని తేలింది. ఊపిరితిత్తుల్లో పడిన దుమ్ము బైటికి రాదు, పడిన మచ్చ మానదు. ఆ మచ్చలున్న ఊపిరితిత్తులకి టీబీ సులువుగా పట్టుకుంటుందట.

అమ్మ ఇప్పటికీ "మీ నాయన కర్మ" అంటది. నాకు ఆ మాట వినబుద్ధి కాదు.

కోవూరు వైపు ఆశా

నేను ఆశా వర్కర్ని. మా ఊళ్ళో ఇద్దరికి షుగరు. ఒకాయన రొయ్యల చెరువుల ఆసామి, ఇంకొకాయన అదే చెరువు మీద కాపలా. ఆసామి మూడు నెలలకోసారి నెల్లూరు పోయి రక్తం చూపించుకుంటాడు, పాదాలు కూడా చూపిస్తాడు. కాపలా ఆయనకి కాలి వేళ్ళ సందున చిన్న పుండు లేచింది. నేను కట్టు కట్టి, ఆస్పత్రికి పోదాం రా అన్నా అని మూడుసార్లు అడిగా. "చెరువు పట్టుబడికొచ్చింది తల్లీ, ఈ వారం కదిలితే పని పోద్ది" అన్నాడు. రాత్రంతా గట్టు మీద తడిలోనే. చెరువు నీళ్ళలో గాలాడించే ఏరియేటర్ ఆగితే లేచి పరిగెత్తాలి.

పట్టుబడి అయ్యాక పోయాడు. అప్పటికి నల్లబడింది, మోకాలి కిందికి తీసేశారు. ఆపరేషనుకి పైసా తీసుకోలేదు, ఆరోగ్యశ్రీ కార్డు మీదే అయింది, ఆ పుణ్యం ఉంది. కాలు తియ్యడానికి కార్డు పనికొచ్చింది గానీ కాలు నిలుపుకోడానికి మూడు రోజుల సెలవు దొరకలేదు.

గర్భిణులదీ ఇదే వరస. స్కానింగు ఉచితమే. పోను రాను చార్జీలు, ఆ రోజు కూలి, తోడొచ్చిన అత్త కూలి ఎవరిస్తారు? నాట్లప్పుడు రమ్మంటే రారు. రాలేదని మమ్మల్ని పైనుంచి అడుగుతారు.

ట్రంకు రోడ్డు

అందరూ బాధపడి రాస్తున్నారు, కాదనను. కానీ మనుషుల అలవాట్ల మాట కూడా చెప్పుకోవాలి గదా. మా బజార్లో కూలీలు సాయంత్రం అయ్యేసరికి వచ్చిన డబ్బుల్లో సగం మందు షాపులో ఇస్తారు. గుట్కా సరేసరి. పాలు కొనలేనివాడు క్వార్టరు ఎట్టా కొంటన్నాడు? ఇందులో వాళ్ళ తప్పు లేదంటే నేనొప్పుకోను.

కలిగిరి కోడలు

అన్నా, తాగుడు ఇళ్ళు కూల్చదని ఎవరూ అనట్లేదు. మాది దూబగుంట పక్కనే. 1991, 92ల్లో అక్షరాస్యత ఉద్యమం పెట్టిన రాత్రి బడికి మా అమ్మ పోయేది. పలక పట్టుకోవడం అప్పుడే నేర్చింది. రోశమ్మ గారితో కలిసి ఆడవాళ్ళు సారా దుకాణం మూయించిన కథ మీకూ తెలుసు. 1992లో జిల్లాలో సారా వేలంపాటలు సాగనివ్వలేదు. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతా సారా ఆగింది.

మా అమ్మ చెప్పేదొకటే. అంతకుముందు మంచినీళ్ళు దొరకని పల్లెకి కూడా సారా ప్యాకెట్లు వేళకి వచ్చేవి. మగవాళ్ళని మారమని ఇంట్లో ఏడిచినన్నాళ్ళు ఎవరూ మారలేదు, దుకాణం లేచిపోయినాక మారారు. సారా ఆగిన ఆ మొదటి ఏడు మా ఇంట్లో కోడిగుడ్డు నాలుగు ముక్కలు కాకుండా ఒక్కొక్కరికి ఒకటి వండారట. ఆమెకి ఇప్పటికీ ఆ గుడ్డే గుర్తు. తర్వాత 1995లో మద్యనిషేధం వచ్చింది, 1997లో పోయింది. షాపులు మళ్ళీ ఎవరి వీధి మొగలో ముందు తెరిచారో మీరే గుర్తు తెచ్చుకోండి.

ట్రంకు రోడ్డు

అమ్మా, మా బజార్లోనే తెరిచారు. బడికి రెండు వందల గజాలు. ఈ మాట నాకు తట్టలేదు.

పబ్లిక్ హెల్త్ చదువుతున్నా, నెల్లూరు

ఒక సంగతి చెప్పాలి. లండన్‌లో 1967లో వైట్‌హాల్ అధ్యయనం అని మొదలుపెట్టారు. పదిహేడు వేలకి పైగా మగ ప్రభుత్వోద్యోగులు. అందరికీ జీతం ఉంది, వైద్యం ఉచితం, ఎవరూ పస్తుండేవాళ్ళు కాదు. అయినా అడుగున ఉన్న బంట్రోతులు, వాచ్‌మెన్లు పై అధికారుల కంటే మూడు రెట్లు ఎక్కువ చనిపోయారు. పొగతాగడం, బీపీ, కొవ్వు అన్నీ లెక్కేసి తీసేసినా ఆ తేడాలో చాలా భాగం మిగిలింది. ఆ అధ్యయనం చేసిన పరిశోధకుల్లో మైకేల్ మార్మట్ గారు దీని మీదే జీవితమంతా పనిచేశారు. ఆయన చూపించింది మెట్ల వరస: పై మెట్టు కంటే కింది మెట్టు, దాని కంటే ఇంకా కింది మెట్టు. అలవాట్లు ఒక్కటే అయితే అవి లెక్కలోంచి తీసేశాక తేడా పోవాలి గదా. పనిలో తన చేతిలో ఏమీ లేకపోవడం, ఎప్పుడు తీసేస్తారో అన్న భయం, ఇవి కూడా ఒంటిని తింటాయి. ఆశా అక్క చెప్పిన కాపలా ఆయన నాకు వాళ్ళలో ఒకడిలా కనపడ్డాడు.

మార్కాపురం చెల్లీ, మీ నాయనకి సిలికోసిస్ అని కాగితం మీద రాసిచ్చారా? 1923 నాటి పరిహారం చట్టంలో అది వృత్తిరోగాల జాబితాలో ఉండేది, 2025 నవంబరులో దాని బదులొచ్చిన సామాజిక భద్రతా కోడ్‌లోనూ ఉంది. పరిహారం అడగొచ్చు.

పలకల వీధి, మార్కాపురం

రాసిచ్చారన్నా. కానీ అక్కడ పనిచేసినట్టు ఏముంది? హాజరు పుస్తకం లేదు, పీఎఫ్ లేదు. శనివారం శనివారం చేతిలో డబ్బులు పెట్టేవాళ్ళు.

కోవూరు వైపు ఆశా

టీబీ మందులు వాడినప్పుడు కార్డు ఇచ్చుంటారు చూడమ్మా, దాంట్లో ఒక్కోసారి పని రాస్తారు. పాత ఎక్స్‌రేలు కూడా పారెయ్యొద్దు. ఇంకో మాట, టీబీ మందులు వాడేవాళ్ళకి పోషణకని 2018 నించి నెలకి 500 బ్యాంకులో వేసేవాళ్ళు, 2024 నవంబరు నించి వెయ్యి చేశారు. మీ వీధిలో వాడేవాళ్ళుంటే ఖాతాలో పడతన్నాయో లేదో అడుగు. ఖాతా నంబరు తప్పు పడి ఆగిపోయినవి నేను చూశా.

కనిగిరి బడిపంతులు

అందరికీ దండాలు. ఆర్‌డబ్ల్యూఎస్ (గ్రామీణ నీటి సరఫరా శాఖ) ల్యాబులో నీళ్ళు పరీక్ష చేస్తారు. ఫ్లోరైడు లీటరుకి 1 మిల్లీగ్రాము లోపుంటే మంచిది, వేరే దిక్కులేకపోతే 1.5 దాకా. కాచి తాగితే పోతుందని మా ఊళ్ళో చాలామంది నమ్మకం. పోదు. నీళ్ళు ఆవిరయ్యేకొద్దీ ఇంకా చిక్కబడుతుంది. సోమవారం బడి బోరుది, ఎదురింటివాళ్ళు తెచ్చుకునే బోరుది రెండు సీసాలు తీసుకుపోతున్నా. ఎదురింటి పాపకి ఇద్దరు తమ్ముళ్ళు, ఒకడికి నాలుగు, ఒకడికి రెండు. వాళ్ళకి పాలపళ్ళు ఊడాక వచ్చే పళ్ళు ఇంకా చిగుళ్ళ లోపలే ఉన్నాయి. వాళ్ళ వంట నీళ్ళకి కూడా ప్లాంటు క్యాను మా ఇంటి లెక్కలో వెయ్యమని ఈ పొద్దే చెప్పి వచ్చా.

పలకల వీధి, మార్కాపురం

ఎక్స్‌రేలు అటక మీద గోనెసంచిలో ఉన్నాయి, అమ్మ దాచింది. మొదటిది 2009ది. రేపు దించుతా.