లాగ్ ఫైళ్లకు చాటర్ తాళం చాలదా?

పాతకాపు: మా లైనక్స్ సర్వర్‌లో ఎవరు ఎప్పుడు లాగిన్ అయ్యారో రాసే ఆథ్ లాగ్‌కు చాటర్ కమాండ్‌తో ప్లస్ ఏ తాళం పెట్టాను. ఇక చివర కొత్త లైన్లు చేరడమే తప్ప పాతవి మార్చడం, ఫైలు తీసేయడం కుదరదు. అయినా లాగ్ లైన్లను వేరే మెషీన్‌కు పంపి దాచే రిమోట్ లాగ్ సర్వర్ కావాలని మేనేజర్ పట్టుబట్టారు. ఇంకో మెషీన్ దండగ కదా?

నైట్‌షిఫ్ట్: దండగ కాదండి. రూట్, అంటే సర్వర్ మీద పూర్తి అధికారం, దొరికినవాడు చాటర్ మైనస్ ఏ కొట్టి తాళం తీసి, తనకు గిట్టని రెండు లైన్లు చెరిపి, మళ్లీ ప్లస్ ఏ పెట్టి పోతాడు. ఫైలు చూస్తే ఏమీ జరగనట్టే ఉంటుంది.

గోదారిగట్టు: అసలు పాత లాగ్‌ను పేరు మార్చి పక్కనపెట్టి కొత్తది మొదలుపెట్టే లాగ్‌రొటేట్ ఎలా నడుస్తోంది? ప్లస్ ఏ ఉంటే ఫైలు పేరు మార్చడం కుదరదుగా.

పాతకాపు: దానికి ముందు నడిచే ప్రీరొటేట్ స్క్రిప్టులో తాళం తీసి, తర్వాత నడిచే పోస్ట్‌రొటేట్‌లో కొత్త ఫైలుకు పెడుతున్నా. పదిహేనేళ్లుగా ఇబ్బంది లేదు.

నైట్‌షిఫ్ట్: అంటే తాళం తీసే స్క్రిప్టు కూడా అక్కడే ఉంది! నిన్నటి ఫైలుకైతే ఆ తాళం కూడా లేదు.

పాతకాపు: నిన్నటిది కంప్రెస్ అయిపోతుంది.

నైట్‌షిఫ్ట్: కంప్రెస్ చేస్తే రక్షణ ఎలా అవుతుందండీ?

చిన్నా: ఫ్రీబీఎస్‌డీ అనే వేరే ఓఎస్‌లో సెక్యూర్‌లెవల్ అనే భద్రతా స్థాయి 1 పెడితే, ఇలాంటి తాళమే అయిన సిస్టమ్ అపెండ్ ఫ్లాగ్‌ను రూట్ కూడా తీయలేడు.

పాతకాపు: మాది లైనక్స్ అన్నాను. లైనక్స్‌లో లాగ్‌లు రాసే జర్నల్‌డీలో, ఎవరైనా మారిస్తే బయటపెట్టే సీలింగ్ కూడా ఉంది. మామూలుగా 15 నిమిషాలకోసారి సీల్ పడుతుంది.

నైట్‌షిఫ్ట్: సీల్ పగిలితే ఎవరో చెయ్యి పెట్టారని తెలుస్తుంది. పోయిన లైను తిరిగి రాదు. 1986లో లారెన్స్ బర్క్‌లీ ల్యాబ్‌లో 75 సెంట్ల లెక్క తేడా పట్టుకుని చొరబాటుదారుడి వెంటపడిన క్లిఫర్డ్ స్టోల్, మోడెమ్ లైన్లకు ప్రింటర్లు తగిలించాడు. కాగితం మీద పడ్డ అక్షరాన్ని కంప్యూటర్‌లో దూరినవాడు ఎలా చెరుపుతాడు?
నా సంగతీ చెబుతా. పాత ఉద్యోగంలో ఒక రాత్రి డేటాబేస్ ఎగిరిపోయింది. లాగ్‌లో 2:10 నుంచి 3:40 వరకు ఖాళీ. దానికి ముందున్న చివరి లాగిన్ నాది. మూడు వారాలు నన్నే దోషిలా చూశారు.

పాతకాపు: మీ కష్టానికి, నా సర్వర్‌కు ఏం సంబంధం? కొత్త మెషీన్ రూట్ పాస్‌వర్డ్ నాకివ్వరట! ఇన్నేళ్లు చేసినవాణ్ని దొంగలా చూస్తుంటే ఊరుకోవాలా?

గోదారిగట్టు: ఇది మొదట్లోనే చెప్పాల్సింది అన్నా.

నైట్‌షిఫ్ట్: ఆ పాస్‌వర్డ్ మీకు ఇవ్వకపోవడమే మీకు మేలు. ఆ రాత్రి లాగ్ నా చేయి అందని చోట ఉండుంటే, నేను కాదని మర్నాడే తేలిపోయేది.

పాతకాపు: అలా ఆలోచించలేదు. అయినా ముందు నన్నొక మాట అడగాల్సింది, అది మాత్రం ఒప్పుకోను. సరే, ఆ సర్వర్ కాసేపు పడిపోతే లైన్లు పోవూ?

నైట్‌షిఫ్ట్: లైను చేరిందో లేదో చూసుకోని యూడీపీ 514 పద్ధతి వద్దు. లాగ్‌లు పంపే ఆర్‌సిస్‌లాగ్‌లో, చేరినట్టు జవాబు తీసుకునే రెల్ప్ పెట్టి, పంపని లైన్లను డిస్క్ మీద దాచే డిస్క్ క్యూ ఇవ్వండి. అది లేచేదాకా లైన్లు మీ దగ్గరే ఆగుతాయి.