1911 రూపాయి: ఫొటోలు చూసి వేలం పాట పాడవచ్చా?

పాతరూకలు
ఒక వేలం సైట్లో బ్రిటిష్ రాజు ఐదో జార్జి బొమ్మ ఉన్న 1911 రూపాయి ఉంది. పాట 9,200 దగ్గర నిలిచింది, రేపు రాత్రి ముగుస్తుంది. పెట్టిన ఫొటోలు మూడు: బొమ్మ, బొరుసు, త్రాసు మీద 11.66 గ్రాములు. తెలియనివారి కోసం: రాజు అంగీ మీది ఏనుగు తొండం పొట్టిగా చెక్కడంతో అది పందిలా కనిపించి గొడవైంది. ప్రభుత్వం నాణేలను వెనక్కి తీసుకుని చాలావరకు కరిగించి, 1912లో తొండం సరిచేసింది. అందుకే ఈ ధర, అందుకే ఇన్ని నకిలీలు. సర్టిఫికెట్ డబ్బాలో (అసలుదేనని పరీక్షించిన సంస్థ నంబరు వేసి సీలు చేసే ప్లాస్టిక్ డబ్బా) లేని నాణెం జోలికి పోవద్దని మా బావగారు అంటున్నారు. మీరేమంటారు?

తులంబరువు
బావగారి మాట వినండి. ఫొటోలను నమ్మి నేను అరుదైన 1939 రూపాయి కొన్నాను. అది 1938 నాణెమే. 8 కింది సున్నాకు ఎడమ పక్క తొలిచి 9 చేశారు. పది రెట్లు పెద్దగా చూపే భూతద్దం పెడితే, ఆ తొలిచిన చోట మాత్రం వెండి నున్నగా, చుట్టుపక్కల కంటే తెల్లగా మెరిసింది. ఫొటోలో అదేమీ తెలియలేదు.

గల్లాపెట్టె
తులంబరువు గారూ, మీ అనుభవం కాదనను. కానీ డబ్బాకే నకిలీలు వస్తుంటే డబ్బాను నమ్మి ఏం లాభం? పీసీజీఎస్, ఎన్‌జీసీ అనే నాణేల పరీక్ష సంస్థల డబ్బాలను అసలు నాణెం నంబరుతో సహా దించేస్తున్నారు. నంబరు సంస్థ సైట్లో కొడితే సరిగ్గానే వస్తుంది, ఎందుకంటే అది నిజమైన నంబరే. అక్కడ నాణెం ఫొటో ఉంటే దాని మీది గీతలు, మచ్చలు మీకు చూపిస్తున్నదానితో ఒక్కొక్కటిగా పోల్చాలి. అంటే చివరికి డబ్బా కూడా మన కంటి దగ్గరికే పంపుతుంది.

ఈ 1911 విషయంలో ముందు తేదీని కాదు, ఏనుగును చూడండి. తరువాతి ఏళ్ల నాణేనికి తేదీ మార్చినవాడు తొండాన్ని పొట్టి చేయలేడు.

లక్షాధికారి22
నా దగ్గర వైష్ణోదేవి 5 రూపాయల నాణెం ఉంది. 10 లక్షలు ఇస్తారట, ముందు రుసుము కట్టమన్నారు. కట్టవచ్చా?

గల్లాపెట్టె
వద్దు. పాత నాణేల పేరుతో రుసుము, పన్ను, కమీషన్ అడిగేవారిని నమ్మవద్దని రిజర్వు బ్యాంకు 2021లోనే ప్రకటించింది. ఇక్కడ నడుస్తున్నది వేరే చర్చ.

కంసాలివీధి
మా తాత రూపాయి ఎత్తును తులంగా వాడేవారు. 11.66 అంటే అదే. అయితే త్రాసు ఫొటో రుజువు కాదు, ఆ బరువుకు జర్మన్ సిల్వర్ (వెండి లేని రాగి, నికెల్, జింకు మిశ్రమం) బిళ్ల కోయడం ఎంతసేపు? నాణెం ఇంటికి వచ్చాక ఇలా చేయండి. పాయింట్ తరువాత రెండు అంకెలు చూపే త్రాసు మీద నీళ్ల గ్లాసు పెట్టి సున్నాకు తెచ్చుకోండి. నాణేన్ని సన్నని దారంతో కట్టి, అడుగుకు, గోడలకు తగలకుండా నీళ్లలోకి దించండి. అప్పుడు త్రాసు చూపేది నాణెం పక్కకు నెట్టిన నీటి బరువు. ఈ రూపాయిలో 91.7 శాతం వెండి కాబట్టి త్రాసు 1.13 దగ్గర చూపాలి. జర్మన్ సిల్వర్ అయితే 1.3 దాటుతుంది. గీటురాయి మీద మాత్రం గీయవద్దు, చింతపండుతో తోమనూ వద్దు, విలువ అక్కడే సగం పోతుంది.

తులంబరువు
అసలు వెండితోనే నకిలీ కొడితే? కరిగించిన మామూలు రూపాయల వెండి ఖరీదెంత, 1911 ధర ఎంత? అలాంటిది మీ నీళ్ల గ్లాసులో దర్జాగా నెగ్గుతుంది.

కంసాలివీధి
నెగ్గుతుంది, ఒప్పుకుంటాను. ఆ పరీక్ష లోహానికే, అచ్చుకు కాదు.

చార్మినార్‌చిల్లర
నేను నిజాం రూపాయలు సేకరిస్తాను. వాటిలో చార్మినార్ ద్వారం మధ్య ఒక అక్షరం ఉంటుంది: మహబూబ్ అలీ ఖాన్ నాణేలకు ‘మీమ్’, 1911లో గద్దెనెక్కిన ఉస్మాన్ అలీ ఖాన్ నాణేలకు ‘ఐన్’. హిజ్రీ 1340 (అంటే 1921-22) అని వేసి ద్వారంలో మీమ్ పెట్టిన ఘనుణ్ణి కూడా చూశాను. అంత తెలివితక్కువవాడు ప్రతిసారీ దొరకడు కాబట్టి నా పద్ధతి వేరు. అదే అమ్మకందారు పాత వేలాలన్నీ తీసి చూస్తాను. ఒకసారి మూడు నెలల తేడాతో అమ్మిన రెండు నాణేలకు ఎడమ మినారు పక్కన ఒకే గాటు, ఒకే పొడవు, ఒకే వంపు. అచ్చుతో కొట్టిన రెండు నాణేలు వేర్వేరు జేబుల్లో తిరిగి ఒకే దెబ్బ ఎలా తింటాయి? ఒక నాణెం నుంచి తీసిన పోతలవి. వెండి మంచిదే కావచ్చు.

పాతరూకలు గారూ, మీ మూడు ఫొటోల్లో అంచు ఏది? పోత నాణేనికి అతుకు వచ్చేది అక్కడే, నిలువు గీతలు మొద్దుబారేదీ అక్కడే. అడగండి.

తులంబరువు
అంచు బాగున్నా డబ్బా లేనిదే నేను కొనను. 9,200 చిన్న మొత్తం కాదు.

పాతరూకలు
అంచు ఫొటో అడిగాను. ‘నాణెం ప్లాస్టిక్ కవరులో సీలు వేసి ఉంది, తీయడం కుదరదు’ అని ఇప్పుడే జవాబు వచ్చింది. ప్రకటన మళ్లీ తెరిచి చూశాను. త్రాసు మీద ఉన్న నాణేనికి కవరు లేదు.