ఆధారిత నిష్పత్తి: కోనసీమకు పాత జిల్లా వయసు లెక్కలు వాడొచ్చా?

15–64 ఏళ్లవాళ్లు ప్రతి 100 మందికి, 0–14, 65 పైబడినవాళ్లు కలిపి ఎందరున్నారన్నదే ఆధారిత నిష్పత్తి. పనివయసును 59తో ఆపితే అంకె బాగా మారుతుంది. ఉదాహరణకు 100 మందిలో పిల్లలు 25, 65 దాటినవాళ్లు 10 అయితే 35/65, అంటే 53.8. 60–64 వాళ్లు నలుగురుంటే అదే జనానికి 39/61, అంటే 63.9! ఏ గీత వాడారో రాయకుండా పోల్చడం దండగ.

అసలు చిక్కు ఇది. కోనసీమ 2022 ఏప్రిల్‌లో ఏర్పడింది. 2011 జనగణన వయసు పట్టికలు పాత తూర్పు గోదావరివి, అందులో ఏజెన్సీ మండలాలూ ఉన్నాయి. మండలం, గ్రామం స్థాయిలో దొరికే జనగణన ప్రాథమిక సారాంశంలో వయసు వివరంగా 0–6 పిల్లల సంఖ్యే ఉంటుంది. పాత జిల్లా 0–14 వాటాను, కోనసీమ మండలాల 0–6 వాటాకు, పాత జిల్లా 0–6 వాటాకు ఉన్న నిష్పత్తితో గుణిస్తే సరిపోతుందా? మరి వృద్ధుల వాటాను దేనితో సవరించాలి?

ఇంకొకటి. వయసు చెప్పేటప్పుడు జనం 60, 65 అని గుండు అంకెలే చెబుతారు. పనివయసును 59తో ఆపినప్పుడు, 58 ఏళ్లవాళ్లు 60కి జరిగితే వృద్ధుల లెక్క ఉబ్బుతుంది. 0, 5తో ముగిసే వయసుల వైపు మొగ్గును కొలిచే విప్పుల్ సూచీ 23–62 ఏళ్లనే చూస్తుంది కాబట్టి 65 దగ్గర పోగును పట్టదు. ఐదేళ్ల చలన సగటు (ప్రతి వయసుకూ దాని చుట్టూ ఉన్న ఐదేళ్ల లెక్కల సగటు) చాలా, వేరే పద్ధతి ఉందా?

గణన గడువంతా గల్ఫ్‌లో ఉన్నవాళ్లు హారంలో చేరరు. ఇంటిని పోషించేది మాత్రం వాళ్లే. దీన్ని సవరించినవాళ్లు పద్ధతి చెప్పండి.