రికర్వ్ బోకి ఏ యారో రెస్ట్ మంచిది, ప్లాస్టికా మాగ్నెటికా?

కొత్త_విల్లు
అందరికీ నమస్తే. నాది 68 ఇంచుల టేక్‌డౌన్ రికర్వ్ (విడదీసి పెట్టుకునే, కొసలు ముందుకి ఒంగిన విల్లు), చెక్క రైజర్ (మధ్యలో పట్టుకునే భాగం), 24 పౌండ్ల లింబ్స్ (రైజర్‌కి పైనా కిందా బిగించే, ఒంగే భాగాలు), కుడిచేతి వాటం. బోతో పాటు వచ్చిన ప్లాస్టిక్ రెస్ట్ (బాణం ఆనించి పెట్టేది) చెయ్యి మొన్న విరిగిపోయింది. ఎలాగూ కొత్తది వెయ్యాలి కదా అని వెతికితే అంటించేవి, బోల్టుతో బిగించేవి, మాగ్నెట్ ఉన్నవి, వైర్ ఉన్నవి, చూసి చూసి బుర్ర తిరిగిపోయింది. కొందరేమో అసలు రెస్టే వద్దు షెల్ఫ్ (రైజర్‌లో బాణం కింద ఉండే గట్టు) మీంచే వేసెయ్ అంటున్నారు. నా యారోలకి ఈకల బదులు ప్లాస్టిక్ వేన్సే ఉన్నాయి. ఒలింపిక్స్‌లో చాలామందికి సన్న వైర్ రెస్టే కనిపిస్తుంది, నేనూ అదే తీసేసుకోనా?

పాత_నారి
ముందు ఇది చెప్పండి, మీ రైజర్‌లో ప్లంజర్ (బాణానికి పక్కన ఆనే స్ప్రింగ్ మొన) పెట్టుకునే రంధ్రం ఉందా? రెస్ట్ అంటించే చోట మర ఉన్న ఇత్తడి బుష్ కనిపిస్తే ఉన్నట్టే.

ఎందుకు అడుగుతున్నానంటే, వేళ్ళతో నారి వదిలినప్పుడు బాణం తిన్నగా పోదు, ముందు రైజర్ వైపు నొక్కుకుని ఒంగి, తర్వాత అటూ ఇటూ ఊగుతూ పోతుంది. ప్లాస్టిక్ రెస్టుకి పక్కన చిన్న రేకులాంటిది ఉంటుంది చూడండి, ఆ నొక్కుడు అదే తీసుకుంటుంది. వైర్ రెస్టుకి అది ఉండదు, ఆ పని ప్లంజర్ చెయ్యాలి. ప్లంజర్ లేకుండా వైర్ రెస్ట్ ఒక్కటే పెడితే బాణం వెళ్ళి రైజర్‌కే రాసుకుంటుంది, దానికంటే విరిగిన దాని బదులు ఇంకో ప్లాస్టిక్‌ది అంటించుకోవడమే నయం.

షెల్ఫ్ సంగతి మర్చిపోండి. ఈకలైతే తగిలినా ఒంగిపోతాయి, ప్లాస్టిక్ వేన్స్ తగిలితే బాణాన్ని పక్కకి తన్నేస్తాయి.

కొత్త_విల్లు
బుష్ ఉంది అన్నా, ప్లంజర్ మాత్రం లేదు.

గురి_గురి
అయితే ప్లంజర్, మాగ్నెట్ ఉన్న వైర్ రెస్ట్ రెండూ ఒకేసారి తీసేసుకోండి బ్రో. లింబ్స్ ఎలాగూ మారుస్తారు, రైజర్ కూడా మారుస్తారు, ఇవి రెండూ కొత్త రైజర్‌కి కూడా పనికొస్తాయి. వేన్ తగలగానే చెయ్యి లోపలికి మడుచుకుంటుంది, మాగ్నెట్ మళ్ళీ బయటికి లాగుతుంది, అంతే దాని గొప్ప. కొనేటప్పుడు కుడిచేతిదో ఎడమచేతిదో చూసుకోండి, రెండూ ఒకేలా కనిపిస్తాయి.

పాత_నారి
తొందరేముంది గురి గారూ. ఇంకా రిలీజే (నారి వదలడమే) కుదరని వాళ్ళకి ప్లంజర్ ఇస్తే ప్రతి తప్పు షాట్‌కీ స్ప్రింగ్ తిప్పుతూ కూర్చుంటారు. బాణాలు కాస్త ఒక దగ్గర పడటం మొదలయ్యాక మారిస్తే తేడా ఏంటో తెలుస్తుంది. అప్పటిదాకా ప్లాస్టిక్‌వి రెండు మూడు బ్యాగ్‌లో పడేసుకోండి, ఆ చెయ్యి విరగడం మామూలే.

ఒట్టి_విల్లు
ఇద్దరూ సైట్ (గురి చూసే పరికరం) పెట్టుకుని వేసేవాళ్ళ లెక్కలో చెప్తున్నారు. రేపు బేర్‌బో (సైట్ లేకుండా వేసేది) వైపు వెళ్ళి స్ట్రింగ్‌వాకింగ్ (దూరాన్ని బట్టి నారి మీద వేళ్ళు జరపడం) మొదలుపెడితే వేళ్ళు నాక్ (బాణాన్ని నారికి తగిలించే కొస) కిందికి జరుగుతాయి, బాణం రెస్ట్ మీద గట్టిగా నొక్కుతుంది, సన్న వైర్ కిందికి ఒంగి బాణాన్ని ఎగరేస్తుంది. దానికి బోల్టుతో బిగించే గట్టి రెస్టే కావాలి. పోటీలకి వెళ్ళే ఆలోచన ఉంటే ఇంకోటి, వరల్డ్ ఆర్చరీ రూల్స్‌లో ప్లంజర్ ఆనే చోటు గ్రిప్ లోతైన భాగం నుంచి వెనక్కి రికర్వ్‌కి 4 సెంటీమీటర్లు, బేర్‌బోకి 2 సెంటీమీటర్లు దాటకూడదు.

కొత్త_విల్లు
బేర్‌బో ఇప్పట్లో లేదు. ప్రస్తుతానికి ప్లాస్టిక్‌దే వేసేస్తా, ప్లంజర్ తర్వాత చూస్తా. అంటించేటప్పుడు ఏమైనా జాగ్రత్తలు?

గురి_గురి
సరే, ఓడిపోయా 😀 పాత గమ్ మొత్తం గీకేసి స్పిరిట్‌తో తుడవండి, ఆరాక అంటించి ఓ రాత్రి కదపకండి. తర్వాత వైర్‌ది వేసినప్పుడు రెండు చూడండి. బాణం మధ్యభాగం ప్లంజర్ మొన మధ్యలో ఆనాలి, పైనుంచి చూస్తే వైర్ కొస బాణం దాటి బయటికి కనిపించకూడదు, బయటికి ఉంటే వేన్ దానికి కొట్టుకుంటుంది. అనుమానమొస్తే రెస్ట్ మీద కొంచెం లిప్‌స్టిక్ రాసి వెయ్యండి, తగిలితే మరక వేన్ మీదే ఉంటుంది.

పాత_నారి
కొత్త రెస్ట్ ఎత్తు పాతదానిలా ఉండదు, నాకింగ్ పాయింట్ (నారి మీద బాణం తగిలించే చోటు) మళ్ళీ బో స్క్వేర్ (నారికి పెట్టి చూసే మూలమట్టం) పెట్టి చూసుకోండి. బాణం నారికి లంబంగా ఉండే లెవెల్ కంటే ఓ సెంటీమీటర్ లోపు పైకి పెట్టి మొదలెట్టండి.